బిడ్డ కోసం వచ్చిన డైనోసారు

సినిమాలను గురించి మన క్రైస్తవ కుటుంబాలలో రెండు అభిప్రాయాలు ఎప్పటినుంచో ఉన్నాయి. అసలు చూడనేకూడదనేవారు కొందరు, మంచిచెడ్డలు ఎంచి చూడవచ్చుననేవారు కొందరు. ఈ వాదన తేలకముందే సినిమా మన ఇంటిలోనికి వచ్చి కూర్చున్నది. ఒకప్పుడు ఇంగ్లీషు సినిమా చూడాలంటే ఆత్మకూరువారైనా, ఇంకా పైనున్న ఉదయగిరివారైనా బస్సెక్కి నెల్లూరు పోవలసి వచ్చేది. ఉదయగిరివారికైతే అది ఒక దినం పని. ఇప్పుడు మూడో తరగతి పిల్లవాడు కూడా అరుగు మీద కూర్చుని ఫోనులో చూస్తున్నాడు. కనుక చూడవచ్చునా, కూడదా అన్న ప్రశ్నతోపాటు, చూసినదానిని గురించి ఇంట్లో ఏమి మాట్లాడుకుంటున్నాము అన్న ప్రశ్న కూడా వేసుకోవలసియున్నది.

2025 జూలైలో డైనోసార్ల సినిమాల వరుసలో ఏడవది విడుదలైంది. కొత్తది వచ్చినప్పుడల్లా పిల్లలు పాతవాటిని కూడా వెదికి చూస్తారు. ఆ పాతవాటిలో ఎక్కువ వాదనకు తావిచ్చేది రెండవది, 1997లో వచ్చిన 'ది లాస్ట్ వరల్డ్'. 1993 నాటి 'జురాసిక్ పార్క్'కు అది కొనసాగింపు. మొదటి సినిమాను 1994లో హిందీ మాటలతో మన దేశంలో విడుదల చేస్తే జనం విరగబడి చూశారు. రెండవదానిని మాత్రం మెచ్చుకునేవారూ ఉన్నారు, పెదవి విరిచేవారూ ఉన్నారు. మా పడమటి మెట్ట మండలాలలో ఈ సినిమా మీద వినవచ్చే మాటలను ఇక్కడ కూర్చి, వాటిలో మన కుటుంబాలకు పనికివచ్చేది ఏమిటో చూద్దాము.

కథ క్లుప్తంగా

రెండు సినిమాలకూ దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్. మూలం మైకేల్ క్రైటన్ రాసిన నవలలు. మొదటి కథలో ఒక కంపెనీ ఎప్పుడో అంతరించిన డైనోసార్లను ప్రయోగశాలలో తిరిగి పుట్టించి, ఒక దీవిలో వాటిని చూపించి డబ్బు చేసుకోబోతుంది. అది ఘోరంగా బెడిసికొడుతుంది. రెండవ కథ నాలుగేళ్ళ తరువాత నడుస్తుంది. డైనోసార్లను పెంచిన ఇంకొక దీవి ఉన్నదని తెలుస్తుంది. అక్కడ అవి కంచెలు లేకుండా స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. వాటిని చూసి, ఫోటోలు తీసి, అలాగే వదిలివేయాలని ఒక చిన్న గుంపు వెళుతుంది. పట్టుకుని పట్నానికి తెచ్చి ప్రదర్శన పెట్టాలని కంపెనీవారి పెద్ద గుంపు వెళుతుంది. కథంతా ఈ రెండు గుంపుల మధ్య నడుస్తుంది.

చూసినవారి మాటలు

పిల్లల తీర్పు సూటిగా ఉంటుంది. డైనోసార్లు ఎక్కువ ఉన్నాయి కాబట్టి సినిమా బాగుంది! మొదటి సినిమా రెండు గంటలకు పైగా ఉన్నా, అందులో డైనోసార్లు తెరమీద కనిపించేది సుమారు పదిహేను నిమిషాలే. రెండవదానిలో అవి మందలుగా వస్తాయి. ఇక చివరలో పెద్ద డైనోసారు పట్నం వీధులలో పడి తిరగడం పిల్లలకు పండుగే.

కాలేజీ యువకుల తీర్పు వేరు. మొదటి సినిమాలో ఆశ్చర్యం ఉంది, రెండవదానిలో పరుగులే ఉన్నాయి అంటారు. పన్నెండు పదమూడేళ్ళ అమ్మాయి దూలం పట్టుకుని గిరగిర తిరిగి ఒక డైనోసారును కాలితో తన్ని పడగొట్టడం వారికి నవ్వు తెప్పిస్తుంది. ఈ మాట మన పిల్లలదే కాదు, ఆ రోజుల్లో అమెరికా విమర్శకులు కూడా పాత్రలలో బలం లేదని రాశారు. అయినా జనం చూడకుండా ఉండలేదు. అక్కడ విడుదలైన మొదటి నాలుగు రోజులలోనే 9 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. మొత్తం మీద మాత్రం మొదటిదానిని అందుకోలేకపోయింది. మొదటిది ప్రపంచమంతటా 90 కోట్ల డాలర్లు దాటితే, రెండవది 60 కోట్లు దాటి ఆగింది.

తల్లుల అభ్యంతరం భయాన్ని గురించినది. కథ మొదలవుతూనే సముద్రపు ఒడ్డున ఒక చిన్న పాప మీద కోడిపెట్టలంత డైనోసార్లు గుంపుగా పడతాయి. ఆ ఒక్క దృశ్యం చాలు, చిన్నపిల్లలు రాత్రి ఒంటరిగా పెరట్లోకి పోవడానికి జంకడానికి. ఈ మాటలో న్యాయముంది. ఆ సినిమాకు అమెరికాలోనే పదమూడేళ్ళలోపు పిల్లల విషయంలో తలిదండ్రులు జాగ్రత్త వహించాలన్న హెచ్చరిక పెట్టారు. మన ఇళ్ళలో ఐదేళ్ళవాడు కూడా అన్నల పక్కన కూర్చుని చూసేస్తున్నాడు.

ఇక పెద్దల మాట. ఇంత డబ్బు పెట్టి అబద్ధపు జంతువులను చూపడమెందుకు అంటారు. నిజమే, ఆ జంతువులు అబద్ధపువే. అయితే ఆ అబద్ధపు జంతువుల నడుమ ఒక నిజం దాగి ఉన్నది. దానిని మన ప్రాంతంలో గొడ్డూ గోదా పెంచినవారు ఇట్టే పట్టుకుంటారు.

దూడ అరిస్తే ఆగని తల్లి

కంపెనీవారితో వచ్చిన వేటగాడు రోలాండ్ టెంబో. అన్ని జంతువులలోకి భయంకరమైన టైరనోసారస్‌ను వేటాడాలన్నది అతని కోరిక. అందుకు అతడు దాని పిల్లను పట్టి, గొలుసుతో కట్టి ఎరగా పెడతాడు. పిల్ల కాలు విరుగుతుంది. చిన్న గుంపులోని ఫోటోగ్రాఫరు జాలిపడి, దానిని విడిపించి తమ బండిలోనికి తెస్తాడు. వైద్యం చేస్తూ ఉండగా పిల్ల అరుస్తుంది. ఆ అరుపు విని తల్లీ తండ్రీ రెండూ చీకటిలో వచ్చి బండికి చెరొక పక్కన నిలబడతాయి. లోపలివారు వణుకుతూ పిల్లను అప్పగిస్తారు. ముందు బిడ్డను క్షేమంగా అవతలికి చేర్చి, ఆ తరువాతే అవి తిరిగివచ్చి బండిని లోయలోనికి నెడతాయి.

పట్నంలో చూసినవారికి ఇది భయపెట్టే దృశ్యం మాత్రమే. మన మెట్ట ఊళ్ళలో చూసినవారికి ఇది తెలిసిన సంగతి. దూడను కొట్టంలో కట్టివేస్తే పలుపు తెంచుకుని వచ్చే ఆవును మనము చూశాము. వందల గొర్రెల మందలో తన పిల్ల అరుపును పోల్చుకుని పరుగెత్తే తల్లి గొర్రెను చూశాము. నెల్లూరు గొర్రె, ఒంగోలు ఆవు పేరుపొందిన నేల మనది. సినిమా తీసినవారు ఎక్కడో అమెరికాలో కూర్చుని కల్పించినదానిని మన కాపరి ప్రతి సాయంత్రం చూస్తున్నాడు.

ఇది ఒట్టి కల్పన కూడా కాదు. 1970ల చివరలో అమెరికాలోని మోంటానాలో జాక్ హార్నర్, రాబర్ట్ మకేలా అనేవారు డైనోసార్ల గూళ్ళను, పిల్లల ఎముకలను కనుగొన్నారు. ఆ జంతువు పిల్లలను సాకేదని వారు తలచి, 1979లో దానికి 'మంచి తల్లి' అనే అర్థం వచ్చేటట్లు 'మాయాసోరా' అని పేరు పెట్టారు. ఆ హార్నరే ఈ సినిమాలకు సలహాదారుడు.

కథలో అసలు తగవు ఇక్కడున్నది. కంపెనీ పెద్ద కళ్ళకు ఆ పిల్ల ఒక సరుకు. వేటగాడికి అది ఎర. తలిదండ్రులకు మాత్రం అది బిడ్డ. చివరకు కంపెనీవారు తండ్రి డైనోసారును ఓడలోనూ, పిల్లను విమానంలోనూ శాన్ డియాగో పట్నానికి చేరుస్తారు. ఆ పెద్దది కట్లు తెంచుకుని వీధులలో విధ్వంసం చేస్తుంది. దానిని తిరిగి ఓడకు రప్పించినది తుపాకి కాదు, దాని బిడ్డ గొంతు. ఈ ఒక్క సంగతి గుర్తించినవారికి ఈ సినిమా ఒట్టి పరుగుల సినిమాగా తోచదు.

కెల్లీ అడిగినది

ఈ కథలో ఇంకొక తండ్రి ఉన్నాడు. అతడు డాక్టర్ మాల్కమ్, పెద్ద గణిత శాస్త్రజ్ఞుడు. ఆయన కూతురు కెల్లీ. తండ్రి ఎప్పుడూ పనిమీద తిరుగుతూ, ప్రతిసారీ ఎవరో ఒకరి దగ్గర తనను వదిలి పోతుంటాడని ఆ పిల్ల బాధ. ఈసారి కూడా వదిలి పోబోతుంటే, చెప్పకుండా బండిలో దాక్కుని దీవికి వస్తుంది. యువకులు నవ్వుకునే ఆ తన్ను కూడా ఈ పిల్లదే. తండ్రిని కాపాడుకోవడానికి, తాను నేర్చుకున్న ఆటను వాడింది. తాను ఆ ఆట నేర్చుకుంటున్న సంగతిని కూడా తండ్రి సరిగా పట్టించుకోలేదు!

తలిదండ్రులారా, ఈ మాట మనకు దూరమైనది కాదు. మన మెట్టలో వాన ముఖం చాటేసిన ఏడు ఇంటి మగవాడు బెంగుళూరుకో, చెన్నైకో పోతాడు. గల్ఫ్ దేశాలలో ఏళ్ళ తరబడి ఉన్నవారు ఎందరో. కొన్ని ఇళ్ళలో తల్లే ఎడారి దేశంలో పరాయివారి బిడ్డలను సాకుతూ, తన బిడ్డలను అవ్వ తాతల దగ్గర వదిలి ఉన్నది. వారిని తప్పు పట్టడానికి ఈ మాట రాయడం లేదు. బిడ్డల చదువు కోసమే వారి చాకిరీ అని మనకు తెలుసు. అయితే పంపిన డబ్బు అందినంత మాత్రాన బిడ్డ ఆకలి తీరదు. ఫోను చేసినప్పుడు ఎన్ని మార్కులు వచ్చాయని అడగడంతో సరిపెట్టక, ఏమి ఆడుకున్నావు, ఎవరితో స్నేహం చేశావు, దేనికి భయపడ్డావు అని కూడా అడగాలి. ఊళ్ళోనే ఉండి, ఇంట్లోనే ఉండి కూడా బిడ్డ మాట వినని తలిదండ్రులకు ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

మంచివాడు ఎందుకు చచ్చిపోయాడు?

చూసిన పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. లోయ అంచున వేలాడుతున్న బండిలో ముగ్గురు చిక్కుకుంటారు. ఎడ్డీ కార్ అనే సామాన్యమైన పనివాడు జోరువానలో ఒంటరిగా వచ్చి, తాడు విసిరి, తన కారుతో ఆ బండిని పట్టి నిలుపుతాడు. డైనోసార్లు తిరిగివచ్చినా పారిపోడు. వారు బ్రతుకుతారు, అతడు చనిపోతాడు. అదీ చాలా ఘోరంగా. ఇది అన్యాయం అని పెద్దవారు కూడా అంటారు.

ఈ ప్రశ్న వచ్చినప్పుడు పిల్లవాడిని సినిమానే కదా అని కసరవద్దు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టడాన్ని మించిన ప్రేమ లేదని యోహాను సువార్త 15వ అధ్యాయంలో మనము చదువుకున్నాము. ఆ మాటను బిడ్డకు చెప్పడానికి ఇంతకన్న మంచి సమయం దొరకదు. మంచివాడికి బహుమానం వెంటనే రాకపోవచ్చునన్నది పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకోవలసిన కష్టమైన పాఠం. అది మన పక్కన కూర్చుని నేర్చుకోవడం మేలు.

మన దగ్గర ఉన్నాయా?

ఇంకొక ప్రశ్న కూడా వస్తుంది. ఉదయగిరి కొండల్లో డైనోసార్లు ఉండేవా అని. వెలికొండల రాళ్ళు శాస్త్రజ్ఞుల లెక్కలో వంద కోట్ల సంవత్సరాలకు పైబడినవి. అంటే డైనోసార్లకంటే అవి ఎంతో పాతవి, కనుక వాటిలో ఆ ఎముకలు దొరకవు. మన తెలుగు నేలమీద దొరికినది గోదావరి లోయలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర. ఆకులలములు తిని బ్రతికిన ఆ పెద్ద జంతువుకు 1988లో 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. హైదరాబాదు పోయినప్పుడు పిల్లలకు చూపించండి. తెరమీది బొమ్మ కంటే ఆ నిజమైన ఎముక ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

బైబిలులో డైనోసారు ఉన్నదా అని సండే స్కూలు పిల్లలు అడుగుతుంటారు. ఆ మాట ఉండడానికి వీలులేదు, ఎందుకంటే 'డైనోసార్' అనే పేరును 1842లో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు కల్పించాడు. యోబు గ్రంథం 40, 41 అధ్యాయాలలోని రెండు మహా జంతువులను మన తెలుగు బైబిలు నీటిగుర్రము, మకరము అని పిలిచింది. అవి ఏ జంతువులన్న దానిమీద విశ్వాసులలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. కాని ఆ అధ్యాయాల భావంలో సందేహం లేదు. సృష్టి మనిషి చేతి బొమ్మ కాదు. దానిని సరుకుగా కట్టి అమ్మబోయిన కంపెనీవారికి సినిమాలో పట్టిన గతి కూడా ఆ భావానికి దగ్గరగానే ఉన్నది.

చూస్తే ఇలా చూడండి

ఏడెనిమిదేళ్ళలోపు పిల్లలకు ఈ సినిమా వద్దని మా అభిప్రాయం. పెద్దపిల్లలైతే ఫోను చేతికిచ్చి వదలక, మీరు పక్కన కూర్చుని చూడండి. పగటిపూట చూస్తే మంచిది. భయపడినచోట ఆపండి. అయిపోయిన తరువాత భోజనాల దగ్గర ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. రెండు గుంపులలో మనమైతే ఏ గుంపులో ఉండేవారము? ఎందుకు?
2. ఎడ్డీ కార్ పారిపోయి ఉంటే తప్పని అనగలమా?
3. వేటగాడు కోరుకున్న జంతువును పట్టుకున్నాడు, కాని తోటివాడిని పోగొట్టుకుని దిగులుతో వెళ్ళిపోయాడు. మనము గెలిచి కూడా పోగొట్టుకున్నది ఏదైనా ఉన్నదా?
4. కెల్లీ తన తండ్రికి చెప్పలేకపోయినది, మీ బిడ్డ మీతో చెప్పలేకపోతున్నది ఏమైనా ఉన్నదా?

నాలుగవ ప్రశ్న అడిగిన తరువాత తలిదండ్రులు కొంచెంసేపు మౌనంగా ఉండాలి. జవాబు వెంటనే రాకపోవచ్చును. వచ్చినప్పుడు మధ్యలో అడ్డుపడకుండా, కోపపడకుండా, చివరిదాకా వినండి.