ఇంజనుకు పెట్రోలు కొలిచి పోసేదెవరు?

పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కిన పాత కార్ల సంగతి మీ తాతగారినో నాన్నగారినో అడగండి. చీడికాడ, మాడుగుల వైపు చక్కగా నడిచిన బండి, కొండ ఎక్కి ఆగిన చోట ఇంజను నిలకడగా తిరగక గునిసేది. డ్రైవరు బానెట్ ఎత్తి స్క్రూడ్రైవరుతో ఒక మరను అరచుట్టు తిప్పేవాడు. ఇప్పటి కార్లు అదే ఘాట్ ఎక్కుతున్నాయి, ఎవరూ ఏ మరా తిప్పడం లేదు. ఆ పని ఎవరు చేస్తున్నట్టు?

ముందు ఒక లెక్క చూద్దాం. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి అంతకన్న తగ్గితే పెట్రోలు సగం సగం మండి మసి, కార్బన్ మోనాక్సైడు పుడతాయి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, కాని అది ప్రాణం తీసే విషవాయువు. మూసిన షెడ్డులో ఇంజను నడపవద్దనేది ఇందుకే. గాలి మరీ ఎక్కువైతే మిశ్రమం సరిగా అంటుకోదు. ఇంజను బరువు లాగుతున్నప్పుడైతే విపరీతంగా వేడెక్కి, "టకటక"మని కొట్టుకుని, చివరకు పిస్టనుకే చిల్లు పడవచ్చు.

పాత బండ్లలో ఈ కొలత పని కార్బ్యురెటరుది. రెండు కాగితాలను దగ్గరగా వేలాడదీసి మధ్యలో ఊదండి. అవి విడిపోవు, దగ్గరకు వస్తాయి. వేగంగా పోయే గాలిలో పీడనం తగ్గుతుందని బెర్నూలీ 1738లో చెప్పినది ఇదే. కార్బ్యురెటరు ఇరుకు గొంతులో గాలి వేగంగా పోతుంటే, పీడనం తగ్గి, సన్నని రంధ్రంలోంచి పెట్రోలు పైకి వస్తుంది. ఎంత తెలివైన ఏర్పాటు! కాని దానికి గాలి బరువు తెలియదు. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం మన దగ్గరకంటె పదోవంతు తక్కువ. గాలి తగ్గినంతగా కార్బ్యురెటరులో పెట్రోలు తగ్గదు. డ్రైవరు మర తిప్పింది అందుకే. (కొండ మీద దమ్ము తగ్గడం మాత్రం ఇప్పటి కారుకీ తప్పదు, అక్కడ గాలే తక్కువ గనక.)

ఇప్పుడు ఆ గొంతు స్థానంలో ఇంజెక్టరు వచ్చింది. మీరు పాఠంలో చదివిన విద్యుదయస్కాంతమే దానిలో ఉన్నది. తీగచుట్టలో విద్యుత్తు పారగానే చిన్న సూది పైకి లేచి, పంపు సుమారు 3 వాతావరణాల పీడనంతో నెట్టిన పెట్రోలు తుంపరగా చిమ్ముతుంది. విద్యుత్తు ఆపగానే సూది మూసుకుంటుంది. ఎంత పెట్రోలు కావాలన్నది ఇక కాలం లెక్కే, అంటే సూది ఎంతసేపు తెరిచి ఉండాలన్నదే.

796 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను తీసుకోండి. 1983లో మన రోడ్లపైకి వచ్చిన మారుతి 800 ఇంజను ఇంతదే. మొదట దానికి కార్బ్యురెటరే ఉండేది. ఒక్కొక్క సిలిండరు సుమారు 265 ఘ.సెం.మీ. లీటరు గాలి బరువు మన ఎండల్లో 1.18 గ్రాములనుకుంటే, నిండా పీల్చిన సిలిండరులో 0.31 గ్రాముల గాలి ఉంటుంది. 14.7తో భాగించండి. 0.021 గ్రాముల పెట్రోలు వస్తుంది. ఘనపరిమాణంలో 0.029 ఘ.సెం.మీ., అంటే ఒక చుక్కలో సగం పైచిలుకు! నిమిషానికి 150 ఘ.సెం.మీ. చిమ్మే ఇంజెక్టరు అయితే, దానికి పట్టేది సెకనులో వెయ్యోవంతులు పదకొండున్నర. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క సిలిండరుకు సెకనుకు 25 సార్లు ఈ అరచుక్క కొలవాలి. పాడేరులో ఆ పదకొండున్నరను పదిన్నరకు తగ్గించాలి.

ఈ లెక్క చేసేది సీట్ల దగ్గరో బానెట్ కిందో ఉండే చిన్న కంప్యూటరు. గాలి గొట్టంలో పీడనం, గాలి ఉష్ణోగ్రత, ఇంజను వేడి, దాని వేగం, డ్రైవరు కాలు ఎంత నొక్కాడో, ఇవన్నీ దానికి తీగల మీద అందుతాయి. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1967లోనే జర్మనీలో బాష్ సంస్థ చేసిన ఇలాంటి పరికరం ఫోక్స్‌వాగన్ 1600 కారులో వచ్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని మోటారు సైకిళ్ళకూ ఇది వచ్చేసింది.

ఇక ట్యూనింగు. కంప్యూటరు జ్ఞాపకంలో మన ఎక్కాల పుస్తకం లాంటి పట్టిక ఉంటుంది. అడ్డంగా ఇంజను వేగం, నిలువుగా గొట్టంలో పీడనం. ప్రతి గడిలో ఒక అంకె, అంటే ఆ స్థితిలో సిలిండరు నిజంగా ఎంత నిండుతుందన్నది. కొత్త ఇంజనుకు ఈ అంకెలను నడిపి చూసి నింపుతారు. మొదట ఊరికే తిరిగే వేగం దగ్గర, తరువాత తేలికపాటి బరువుతో, ఆఖరున పూర్తి బరువుతో. ఎప్పుడూ పెట్రోలు కాస్త ఎక్కువగా మొదలుపెట్టి తగ్గించుకుంటూ వస్తారు. తక్కువనుంచి మొదలుపెడితే ఏమవుతుందో పిస్టను చిల్లు గుర్తు తెచ్చుకోండి. నిండు బరువు మీద 14.7 కాదు, 13కు కొంచెం అటూఇటూగా ఉంచుతారు, ఇంజను చల్లగా ఉండేందుకు.

లెక్క సరిగ్గా ఉందో లేదో కంప్యూటరే చూసుకోవడానికి పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సరు ఉంటుంది. జిర్కోనియం ఆక్సైడు పింగాణీ 300 డిగ్రీలు దాటి వేడెక్కితే, పొగలో ఆక్సిజన్ లేనప్పుడు 0.8 వోల్టుల పైన, ఉన్నప్పుడు 0.1 వోల్టు దగ్గర ఇస్తుంది. మన చెరకు ఇందులోకి వచ్చింది చూడండి. 2025 నాటికి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. చెరకు రసంనుంచీ, చక్కెర తీశాక మిగిలే మడ్డినుంచీ ఇథనాల్ తయారవుతుంది. దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది గనక 1 గ్రాముకు 9 గ్రాముల గాలి చాలు. ఈ మిశ్రమానికి 14.7 బదులు 13.5 దగ్గర లెక్క కుదురుతుంది. సెన్సరు ఆ తేడా పట్టి ఇంజెక్టరును కొంచెం ఎక్కువసేపు తెరిపిస్తుంది. పాత కార్బ్యురెటరుకు ఈ సంగతే తెలియదు.

అయితే తీగలు అబద్ధం చెబితే? చీడికాడలో మోటారు షెడ్డు పెట్టుకున్న నా పాత విద్యార్థి ఒకరోజు దిగులుగా వచ్చాడు. ఒకాయన అద్దెకు తిప్పుకొనే కారు మసి పొగ వదులుతోంది, పెట్రోలు తాగేస్తోంది. పట్నంలో చూపిస్తే కంప్యూటరు మార్చాలని, వేలల్లో ఖర్చని చెప్పారట. ఆయన కారు అమ్మేద్దామనుకుంటున్నాడు.

"మల్టీమీటరు పెట్టి చూశావా?" అన్నాను.

"తప్పు దీపం వెలగటం లేదు మాస్టారూ, ఎక్కడని చూడను?"

ఇంజను వేడి చెప్పే సెన్సరు ఒక థర్మిస్టరు. వేడి పెరిగితే దాని నిరోధం తగ్గుతుంది. ఆ రకానిది 20 డిగ్రీల వద్ద సుమారు 2500 ఓములు, 80 వద్ద 300 పైచిలుకు. ఇంజను బాగా వేడెక్కాక, కంప్యూటరు వైపు తీగ చివర కొలిస్తే 2400 చూపింది! సెన్సరు దగ్గరే కొలిస్తే మూడువందలే. మధ్యలోని కనెక్టరులో పచ్చగా చిలుము. ఆ చిలుము రెండువేల ఓములు కలిపేసింది. ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంది. చల్లని ఇంజను దగ్గర ఆక్సిజన్ సెన్సరు మాట కూడా వినదు. తీగ తెగి ఉంటే నిరోధం అనంతమై దీపం వెలిగేది. 2400 నమ్మదగిన అంకే గనక వెలగలేదు. చిలుము గీకి బిగించాడు. మర్నాటికి పొగ లేదు.

బజారులో దొరికే 10 కిలోఓముల థర్మిస్టరు ఒకటి తెచ్చి, దాని రెండు కాళ్ళూ తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వేడినీళ్ళ గ్లాసులో ముంచండి. నీళ్ళు చల్లారుతుంటే ప్రతి 5 డిగ్రీలకూ థర్మామీటరు, మల్టీమీటరు చూసి గ్రాఫు గీయండి. సరళరేఖ రాదు. తరువాత దానికి వరుసలో 2 కిలోఓముల నిరోధకం కలిపి మళ్ళీ కొలిచి, అదే గ్రాఫు చూసి ఉష్ణోగ్రత ఎంతని చెబుతుందో చూడండి. వేడినీళ్ళ దగ్గర ఎక్కువ తప్పుతుందా, చల్లని నీళ్ళ దగ్గరా?