గరుకుదనపు స్పర్శానుభవం: స్థలసంకేతం, కాలసంకేతం

వ్యాససంగ్రహం:
వేలికొనకు తెలిసే గరుకుదనాన్ని ఒకే గుణంగా భావించడం పరిపాటి. అయితే ముతక ఉపరితలాలను, సూక్ష్మ ఉపరితలాలను స్పర్శ వేర్వేరు మార్గాల్లో గ్రహిస్తుందని ప్రయోగాలు సూచిస్తున్నాయి. ఈ ద్వంద్వ సిద్ధాంతాన్నీ, దాని ఆధారాలనూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్పర్శ, గరుకుదనం, చర్మగ్రాహకాలు, కంపనం, ద్వంద్వ సిద్ధాంతం.

1. ప్రవేశిక:
చీర కొనేవారు దానిపై వేలు ఆనించి ఊరుకోరు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి రుద్ది చూస్తారు. చిత్రిక పట్టిన చెక్కపై వడ్రంగి చేతిని జరుపుతాడు. ఈ కదలిక వట్టి అలవాటు కాదు. జర్మన్ మనోవిజ్ఞానవేత్త డేవిడ్ కాట్జ్ స్పర్శపై 1925లో వెలువరించిన గ్రంథంలో, గరుకుదనాన్ని గ్రహించడంలో ఒత్తిడితోపాటు కంపనానికీ పాత్ర ఉందని ప్రతిపాదించాడు. ద్వంద్వ సిద్ధాంతానికి మూలం ఇదే.

2. ముతక ఉపరితలాలు - స్థలసంకేతం:
ఉపరితలంపై కణాల నడుమ దూరం సుమారు 0.2 మిల్లీమీటర్లకు మించినప్పుడు, వాటి ఎత్తుపల్లాలకు అనుగుణంగా వేలి చర్మం వంగుతుంది. మెర్కెల్ కణాలతో అనుసంధానమైన నాడీతంతువుల్లో కొన్ని ఎక్కువగా, వాటి పక్కనున్నవి తక్కువగా స్పందిస్తాయి. ఈ వ్యత్యాసం పెరిగేకొద్దీ ఉపరితలం మరింత గరుకుగా తోస్తుంది. గాడులు చెక్కిన లోహపు పలకలతో సుసాన్ లెడర్‌మన్, ఎం. ఎం. టేలర్ 1972లో ప్రచురించిన పరిశోధన ఈ సందర్భంలో ముఖ్యమైనది. గాడి వెడల్పు పెరిగితే గరుకుదనం పెరిగింది. వేలితో గట్టిగా నొక్కినా పెరిగింది. చేతివేగం ప్రభావం మాత్రం స్వల్పమే.

3. సూక్ష్మ ఉపరితలాలు - కాలసంకేతం:
కణాలు మరీ దగ్గరగా ఉంటే చర్మగ్రాహకాల అమరిక వాటిని విడివిడిగా గుర్తించలేదు. అప్పుడు కదలిక అవసరమవుతుంది. 0.1 మిల్లీమీటరు దూరంలో వరుసగా ఉన్న కణాలపై వేలు సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో జరిగితే, చర్మంలో సెకనుకు 250 కంపనాలు పుడతాయి. చర్మపు లోతుల్లోని పాసీనియన్ గ్రాహకాలు అత్యంత సున్నితంగా స్పందించే పరిధి ఇదే.

ఈ వాదానికి బలమైన ఆధారం 2001లో మార్క్ హోలిన్స్, అతని సహచరులు ప్రచురించిన ప్రయోగం. వేలిని ముందుగా చాలాసేపు కంపనానికి గురిచేసి, కంపనగ్రాహక వ్యవస్థను మందగింపజేశారు. ఆ తరువాత సూక్ష్మ ఉపరితలాల మధ్య తేడాను గుర్తించే శక్తి దెబ్బతిన్నది. ముతక ఉపరితలాల విషయంలో అది చెక్కుచెదరలేదు. ఒకే మార్గం ఉన్నట్లయితే రెండు శక్తులూ కలిసే క్షీణించాలి.

4. పర్యవసానాలు:
ఉపరితలపు ఎత్తుపల్లాల సగటును పరికరంతో కొలిచినంత మాత్రాన, అది చేతికి ఎంత గరుకుగా తోస్తుందో చెప్పలేము. కృత్రిమ హస్తానికి ఒత్తిడిని కొలిచే సాధనాలను మాత్రమే అమర్చితే ఇసుక తెలియవచ్చు గాని, పట్టుకూ నూలుకూ గల భేదం తెలియదు. ఒక చిక్కు మాత్రం మిగిలి ఉంది. వేగం రెట్టింపైతే కంపనాల సంఖ్యా రెట్టింపవుతుంది. అయినా వస్త్రం అదే వస్త్రంగా తోస్తుంది. ఈ స్థిరత్వాన్ని మెదడు ఎలా సాధిస్తుందన్నది పరిశోధకుల ముందున్న ప్రశ్న.

5. ముగింపు:
‘గరుకు’ అన్న ఒక్క మాట వెనుక రెండు సంకేతాలున్నాయి: చర్మంపై పరచుకున్న ఆకృతి ఒకటి, కాలంలో సాగే కంపనం మరొకటి. అందువల్ల స్పర్శను అధ్యయనం చేసేవారు చర్మాన్నే గాక, చేతి కదలికనూ జ్ఞానసాధనంగా పరిగణించవలసి ఉంటుంది.