పామేడు అడవిలో ఎఱ్ఱచుక్క

ఇప్పపూవు రాలుకాలమున, ఛత్తీస్‌గఢ్‌లోని పామేడు చుట్టుపట్ల అడవులలో చెట్టుక్రింది యెండుటాకులను తగులబెట్టి, నేలను శుభ్రపఱచుకొని, వేకువనే తట్టలతో పోయి పూవేఱుకొనుట దోర్ల, కోయ జనులకు తరతరముల వాడుక. ఆ మంట ఒక్కొక్కప్పుడు చెట్టుక్రింద ఆగక అడవికంటుకొనును. అడవిగేదెల రక్షణకై 1983లో ఏర్పడి, సుమారు 262 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన అభయారణ్యము అక్కడనే యున్నది.

అట్టి మంటను ఆకాశమునుండి కనిపెట్టు సాధనములలో సువోమీ ఎన్‌పీపీ యను ఉపగ్రహముపై నమర్చిన వీర్స్ పరికరము ముఖ్యమైనది. అది మధ్యాహ్నము ఒకటిన్నర ప్రాంతమున నొకమారు, రాత్రి అదే వేళకు మఱియొకమారు మనమీదుగా సాగుచు, భూమినుండి వెలువడు పరారుణ కిరణములను కొలిచి, పరిసరములకంటె మిక్కిలి వేడిగానున్న గడిని అగ్నిగా గుర్తించును. గడి యొక్కొక్కటి 375 మీటర్ల చదరము, అనగా దాదాపు 35 ఎకరములు. ఈ గుర్తింపులను చూపు పటముపై వెలయు ఎఱ్ఱచుక్క ఆ గడి నడిబొడ్డును తెలుపునేగాని మంట రగిలిన చోటును తెలుపదు. ఈ సంగతి పటము చెప్పనిచో, చుక్కను నమ్మి నడచిన అటవీ బీటుగార్డు వాగునకు ఈవలిగట్టుననే వెదకి, ఆవలిగట్టున అడవి కాలుచుండగా మరలిపోవచ్చును. కావున చుక్కకు బదులు గడినంతటిని లేతరంగున చూపి, ఉపగ్రహము దాటిన వేళను ప్రక్కన వ్రాయుట మేలు. మబ్బు మూసి చూడ వీలుకాని తావును, మంటలేని తావును ఒకే రంగున చూపుట మాత్రము క్షమింపరాని దోషమని నా యభిప్రాయము.

పరిశోధకునకు పదేండ్ల మంటల వరుస కావలెను. గార్డునకు ఈ పూట పోవలసిన దారి కావలెను. ఒక్క పటముతో ఇరువురిని తృప్తిపఱుప బూనుట వృథాశ్రమ.

వినువారికి పనికివచ్చునట్లు చెప్పుటకు వరద హెచ్చరికయే ఉదాహరణము. పామేడునకు దక్షిణమున భద్రాచలములో గోదావరి మట్టమును అడుగులలో చెప్పుదురు: 43కు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. 1986లో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును వచ్చిన వరదలను చూచిన యూరివారికి ఆ అంకె చెవినబడినంతనే సామాను సర్దవలెనో, పిల్లలతో మెరకకు పోవలెనో తెలియును. అదే నీటిమట్టమును సముద్రమట్టమునుండి మీటర్లలో చెప్పినచో, లెక్క తప్పుకాకున్నను, వారికి దారి తోపదు.

భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఇప్పటికే అగ్నిసూచనలను నమోదైన ఫోన్లకు పంపుచున్నది. వానిలోను, అట్లే చదువువారికి దారి తోచునట్లు, అక్షాంశ రేఖాంశములతోబాటు గూడెమువారు పిలుచుకొను వాగుపేరు, గుట్టపేరు చేరవలెను. ఆ పేర్లకై ముందుగా పూవేఱు స్త్రీలనే అడుగవలెను.