టూ బ్లాక్‌ని తెలుగులో ఎలా అడగాలి?

మాది పర్ణశాల. భద్రాచలం నుంచి 30 కిలోమీటర్ల పైనే. సంక్రాంతి సెలవుల్లో మా ఊరి కటింగ్ షాపులో బీటీఎస్ ఫొటో చూపించి, "బాబాయ్, ఇట్లా టూ బ్లాక్ కావాలి" అన్నాను. "పై జుట్టు పక్క జుట్టులో కలపమంటావా, విడిగా వదలమంటావా?" అని అడిగాడు. నాకర్థం కాలేదు. తెలిసినట్టు "కలిపెయ్ బాబాయ్" అనేశాను. పావుగంటలో ఎప్పుడూ ఉండే కటింగే వచ్చింది!

తప్పు నాదే. టూ బ్లాక్ అంటేనే రెండు భాగాలు. పక్కలు, వెనక మెషిన్‌తో పొట్టిగా తీసి, పైన పొడవుగా వదిలి వాటి మీద పడనివ్వాలి. కలిపితే అది మామూలు కటింగే.

కొరియా సెలూన్లలో దీనికి తోడు డౌన్ పెర్మ్ కూడా చేస్తుంటారు. పక్కలకి నిక్కిన వెంట్రుకలకి మందు రాసి అణుస్తారు. ఆ మందు కెరాటిన్‌లోని సల్ఫర్ బంధాల్ని తెంపుతుంది. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటిది రాస్తే కొత్త ఆకారంలో మళ్లీ అతుక్కుంటాయి. కొత్తగా మొలిచే జుట్టు మాత్రం మళ్లీ నిక్కుతుంది. అంటే ఫొటోలో కనిపించేదంతా కత్తెర పని కాదన్నమాట.

కాబట్టి ఫొటోతో పాటు మూడు మాటలు చెప్పండి: పైన ఎంత పొడవు, పక్కలు ఎంత పొట్టి, కలపాలా వద్దా. బాబాయ్ సరైన ప్రశ్నే అడిగాడు. అదీ తెలుగులోనే.

ఉగాదికి వెళ్లి "విడిగా వదిలెయ్ బాబాయ్" అంటాను. అప్పటికి జుట్టు పెరగాలి మరి!