ప్రమేయాలతో తెర మీది ప్రోగ్రాము

ఫంక్షనల్ భాషల్లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే విద్యార్థి మిత్రులు లెక్కలు, జాబితాలు దాకా హుషారుగా వస్తారు. తెర మీద ఒక బటన్ పెట్టమనేసరికి చతికిలబడతారు. "ప్రమేయానికి అదే విలువ ఇస్తే ఎప్పుడూ అదే జవాబు రావాలి కదా! మరి బటన్ నొక్కితే తెర ఎలా మారుతుంది?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. జవాబు మాత్రం అంత కష్టమైనది కాదు.

ఒక ఎన్నికలో ఓట్ల లెక్కింపునే తీసుకుందాం. అభ్యర్థులు ఇద్దరు, చెరో బటన్. కింద మొత్తం ఓట్లు, ఆధిక్యం కనిపించాలి.

మామూలుగా ఏం చేస్తాం? బటన్ నొక్కగానే అభ్యర్థి ఓట్లు మార్చు, మొత్తం మార్చు, ఆధిక్యం మార్చు అని మూడు ఆజ్ఞలు రాస్తాం. రెండో బటన్‌కు మళ్లీ మూడు. ఒక్క ఆజ్ఞ మరచిపోయామా, అభ్యర్థుల ఓట్లు కూడితే ఒక సంఖ్య, 'మొత్తం' గడిలో ఇంకొకటి! లెక్కింపు గదిలో అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఎవాన్ చాప్లికీ 2012లో హార్వర్డ్‌లో తన సిద్ధాంత వ్యాసంలో ప్రతిపాదించిన భాష ఎల్మ్. ఆ భాషలో స్థిరపడిన పద్ధతి ప్రకారం ప్రోగ్రాముకు మూడు భాగాలు.

మొదటిది స్థితి. ఇక్కడ రెండు అంకెలు, అంతే. మొత్తం, ఆధిక్యం ఇందులో దాచకూడదు. అవి లెక్క వేస్తే వచ్చేవే.

రెండోది సవరణ. పాత స్థితినీ, వచ్చిన సందేశాన్నీ తీసుకుని కొత్త స్థితినిచ్చే ప్రమేయం ఇది. స్థితి 12, 9 అయినప్పుడు 'రెండో అభ్యర్థికి ఓటు' అనే సందేశం వస్తే, జవాబు 12, 10. పాత జత చెక్కుచెదరదు.

మూడోది దృశ్యం. స్థితిని బట్టి తెర ఎలా ఉండాలో వర్ణించే ప్రమేయం. 12, 10 ఇస్తే మొత్తం 22, ఆధిక్యం 2 అంటుంది. తాను తెరను ముట్టుకోదు.

మరి తెరను మార్చేదెవరు? భాషతోపాటు వచ్చే నిర్వాహక భాగం. అది నొక్కిన బటన్‌ను సందేశంగా సవరణకు అందిస్తుంది, వచ్చిన కొత్త స్థితిని తన దగ్గర ఉంచుకుంటుంది, దృశ్యం చెప్పినట్టు తెర దిద్దుతుంది. మార్పు మాయం కాలేదు, ఒక్కచోటికి చేరిందన్నమాట!

లాభాలు చూడండి. పొరపాటున నొక్కిన ఓటు రద్దు చేయాలంటే పాత స్థితులను జాబితాగా ఉంచుకుంటే చాలు. తెర లేకుండానే సవరణను పరీక్షించవచ్చు. మూడో అభ్యర్థి సందేశాన్ని చేర్చి, సవరణలో దాని సంగతి మరచిపోతే ఎల్మ్ కంపైలర్ ప్రోగ్రామును ఒప్పుకోదు. హాస్కెల్‌లో గ్లాస్ లైబ్రరీ నడిచేదీ దాదాపు ఈ దారినే. 2015లో జావాస్క్రిప్టుకు వచ్చిన రిడక్స్ కూడా ఎల్మ్ నుంచి స్ఫూర్తి పొందిందే.

చిక్కు లేకపోలేదు. ప్రోగ్రాము పెరిగేకొద్దీ సందేశాల పట్టిక చాంతాడంత అవుతుంది. చిన్న ప్రోగ్రాములకు ఆ బెడద లేదు.

కనుక మిత్రులారా, ముందు బటన్లు గీయకండి. ఏమేం గుర్తుంచుకోవాలో, ఏమేం లెక్క కట్టుకోవచ్చో కాగితం మీద విడదీసి రాసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.