మాస్టారి ఫొటో... మన తీర్పు!

ఆదివారం సాయంత్రం. చుట్టాలింట్లో పెళ్లి సంగీత్. బంధువులంతా లాక్కెళ్తే లెక్కల టీచరమ్మ కూడా సిగ్గుపడుతూనే నాలుగు స్టెప్పులేసింది. మరదలు వీడియో తీసింది. 'భలే చేశావొదినా' అంటే మురిసిపోయి దాన్ని తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంది. సోమవారం ఉదయం ఇంకా ప్రేయర్ బెల్లు కూడా కొట్టలేదు... 'మేడమ్, ప్రిన్సిపల్‌గారు రమ్మంటున్నారు' అంటూ అటెండరు వచ్చాడు!

ఇది ఊహే. కానీ ఇలాంటి కబురుతోనే ఉద్యోగాలు పోగొట్టుకున్న టీచర్లు నిజంగానే ఉన్నారు. వాళ్లు పాఠం తప్పు చెప్పలేదు. పిల్లల్ని కొట్టలేదు. బడి అయిపోయాక, తమ సమయంలో, తమకు నచ్చినట్టు ఉన్నారంతే. దానికి సాక్ష్యంగా ఓ ఫొటో దొరికింది.

ఇంతకీ పంతులుగారికి బడి బయట సొంత జీవితం ఉండొచ్చా? దాన్ని నలుగురికీ చూపించుకోవచ్చా? ఒక అభిప్రాయం రాసుకోవచ్చా? కాదనే హక్కు ఎవరికి ఉంది?

టోపీ తెచ్చిన తంటా

ఈ గొడవలో ప్రపంచమంతా గట్టిగా మాట్లాడుకున్న ఒక కథ 2006లో మొదలైంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక యువతి టీచరు కావడానికి చదువుతోంది. చివరి మెట్టుగా ఓ ఉన్నత పాఠశాలలో శిక్షణ తీసుకుంటోంది. ఓ పార్టీలో సముద్రపు దొంగల టోపీ పెట్టుకుని, ప్లాస్టిక్ గ్లాసులోంచి ఏదో తాగుతున్న ఫొటోను మైస్పేస్‌లో పెట్టింది. దాని కింద 'తాగిన సముద్రపు దొంగ' అని సరదాగా రాసుకుంది. అది కాస్తా బడివాళ్ల కంట పడింది. ఆ బడి ఆమెను మళ్లీ గడప తొక్కనివ్వలేదు. శిక్షణ పూర్తికాలేదు కాబట్టి టీచరు కావడానికి కావాల్సిన పట్టా ఇవ్వలేమంది మిల్లర్స్‌విల్ విశ్వవిద్యాలయం. ఇంగ్లిషు డిగ్రీ మాత్రం చేతిలో పెట్టి పంపేసింది.

ఆమె కోర్టుకెక్కింది. ఒక్క ఫొటోకి ఒక జీవితం బలైందని లోకమంతా అనుకుంది. తీర్పు చదివితే కథ అంత సూటిగా లేదు. తనకు శిక్షణ ఇస్తున్న టీచరును ఉద్దేశించినట్టున్న మాటలు కూడా ఆమె ఆ పేజీలో రాసింది. బోధన మీద కూడా కొన్ని ఫిర్యాదులున్నాయి. అయినా ఆమె ఓడిపోవడానికి కోర్టు చెప్పిన ముఖ్య కారణం వేరు. ఆమె పెట్టినవన్నీ సొంత విషయాలేననీ, ప్రజలకు సంబంధించిన అంశం అందులో ఏదీ లేదనీ, కాబట్టి వాక్‌ స్వాతంత్ర్యం రక్షణ దొరకదనీ 2008 డిసెంబరులో న్యాయమూర్తి తేల్చేశారు.

అంటే... సరదాగా దిగిన ఫొటోకి రక్షణ లేదు. మరి దేనికి ఉంది?

ఉత్తరం గెలిచింది!

ఆ సంగతి తెలియాలంటే మరో నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఇల్లినాయ్ రాష్ట్రంలో పికరింగ్ అనే మాస్టారు ఉండేవారు. 1964లో ఆయన స్థానిక పత్రికకు ఓ ఉత్తరం రాశారు. బళ్ల కోసం సేకరించిన డబ్బును స్కూలు బోర్డు సరిగ్గా వాడటం లేదనీ, చదువుకన్నా ఆటల మీదే ఎక్కువ ఖర్చు పెడుతోందనీ విమర్శించారు. బోర్డుకి కోపం వచ్చింది. ఉద్యోగం తీసేసింది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1968లో తీర్పు మాస్టారి పక్షాన వచ్చింది. టీచరైనంత మాత్రాన పౌరుడిగా మాట్లాడే హక్కు పోదని కోర్టు చెప్పింది. బడి డబ్బు ఎలా ఖర్చవుతోందో టీచర్లకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది, వాళ్లే భయపడి నోరు మూసుకుంటే నష్టపోయేది ప్రజలు కాదా అన్నది ఆ తీర్పు సారాంశం. ఉత్తరంలో కొన్ని లెక్కలు తప్పని తేలినా సరే, కావాలని అబద్ధం రాశారని రుజువు కానంతవరకూ ఉద్యోగం తీయడానికి వీల్లేదంది.

చిత్రం చూడండి. యజమానిని పత్రికకెక్కి మరీ విమర్శించిన మాస్టారు గెలిచారు. ఎవరినీ ఏమీ అనని ఫొటో ఓడిపోయింది! ఎందుకంటే 1983లో మరో కేసులో అదే సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ప్రభుత్వోద్యోగి ప్రజలకు సంబంధించిన విషయం మీద మాట్లాడితే రక్షణ ఉంటుంది, సొంత వ్యవహారమైతే మామూలుగా కోర్టులు జోక్యం చేసుకోవు అంది. సామాజిక మాధ్యమాలు వచ్చాక ఆ గీతే టీచర్ల మెడకు చుట్టుకుంది. మన రోజువారీ పోస్టుల్లో సొంత విషయాలు కానివి ఎన్ని? పుట్టినరోజులు, ప్రయాణాలు, పెళ్లిళ్లు... అన్నీ అవే కదా!

2009లో జార్జియా రాష్ట్రంలో మరో టీచరు ఐరోపా యాత్రకు వెళ్లొచ్చి వందల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నారు. వాటిలో కొన్నింట్లో ఆమె చేతిలో వైనూ, బీరూ ఉన్నాయి. వయసు చూస్తే చట్టప్రకారం తాగొచ్చు. తాగింది సెలవుల్లో. అయినా ఊరూ పేరూ లేని ఒక ఈమెయిలు బడికి చేరింది. ఆ వెంటనే ఆమె రాజీనామా చేయాల్సి వచ్చింది.

కోల్‌కతా కథ

'అదంతా అమెరికా గోల' అనుకుంటున్నారా? 2022లో మన దేశంలోనూ ఇలాంటి వార్తే పతాక శీర్షికలకెక్కింది. కోల్‌కతాలోని సెయింట్ జేవియర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఈతదుస్తుల ఫొటోలు పెట్టుకున్నారు. అదీ ఉద్యోగంలో చేరకముందు. తన అనుమతి ఉన్నవాళ్లు మాత్రమే చూడగలిగే ఖాతాలో. ఇరవై నాలుగ్గంటల్లో వాటంతటవే మాయమైపోయే స్టోరీలుగా. తన కొడుకు ఆ ఫొటోలు చూస్తున్నాడంటూ ఓ విద్యార్థి తండ్రి ఫిర్యాదు చేశారు. 2021 అక్టోబరులో తనను ఓ సమావేశానికి పిలిచి, ఆ ఫొటోలు అందరి ముందూ పెట్టి, బలవంతంగా రాజీనామా చేయించారని ఆమె ఆరోపణ. ఆమే ఇష్టపడి రాజీనామా చేశారని విశ్వవిద్యాలయం వాదన. ఆమె లాయరు నోటీసు పంపితే, తమ పరువుకు నష్టం కలిగిందంటూ యాజమాన్యం తిరిగి 99 కోట్ల రూపాయలు అడిగింది!

ఎవరి మాట నిజమన్నది పక్కన పెడదాం. మాయమైపోవాల్సిన ఫొటోలు కాగితాల మీదికెలా వచ్చాయి? తన ఖాతాలోంచి ఎవరు బయటికి తెచ్చారు? ఆమె పోలీసుల దగ్గరికి వెళ్లి అడిగింది కూడా అదే.

మన చట్టం ఏమంటోంది?

మన రాజ్యాంగంలోని 19వ అధికరణ భావ ప్రకటన స్వేచ్ఛను ఇచ్చింది. టీచర్లకైతే మరో అడుగు ముందుకేసింది. శాసనమండలిలో పన్నెండో వంతు స్థానాలకు సభ్యుల్ని ఉపాధ్యాయులే ఎన్నుకోవాలని 171వ అధికరణ చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ టీచర్ ఎమ్మెల్సీలు ఉన్నది అందుకే. అంటే పంతుళ్ల గొంతు వినిపించాలని రాజ్యాంగం రాసినవాళ్లే అనుకున్నారన్నమాట.

అదే సమయంలో ప్రభుత్వ టీచర్లకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. ఉద్యోగానికి తగని పని చేయకూడదు, ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించకూడదు వంటి షరతులు అందులో ఉన్నాయి. మరి ఏది తగినది, ఏది తగనిది? ఫేస్‌బుక్ లేని కాలంలో రాసిన ఆ రెండు ముక్కల్ని ఇప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకోవచ్చు.

కోర్టులు మాత్రం కొంత దారి చూపించాయి. 2015లో సుప్రీంకోర్టు సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. 'చికాకు కలిగించే' పోస్టు పెట్టినా జైల్లో వేయొచ్చనే సెక్షన్ అది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. 2020లో త్రిపుర హైకోర్టు, ఫేస్‌బుక్ పోస్టు కారణంగా శాఖాపరమైన చర్య ఎదుర్కొన్న ఓ ఉద్యోగిని కేసులో, ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన వాక్‌ స్వాతంత్ర్యం లేకుండా పోదంది. నిబంధనలు గీసిన హద్దులు మాత్రం ఉంటాయంది.

ప్రైవేటు బళ్లలో పనిచేసేవాళ్ల పరిస్థితి ఇంకా నాజూకు. వాళ్లను తీసేయాలంటే ఆరోపణ ఏమిటో చెప్పి, విచారణ జరిపి, వాళ్ల మాట వినాలని 1982 నాటి విద్యా చట్టం అంటోంది. కానీ చట్టానికి దొరకని దొడ్డిదారి ఒకటుంది. అదే రాజీనామా! తీసేయడానికి విచారణ కావాలి. రాజీనామాకు ఒక తెల్లకాగితం చాలు. జార్జియా కథా, కోల్‌కతా కథా ముగిసింది ఆ కాగితంతోనే అన్నది గమనించారా? 'మీ మంచికే చెబుతున్నాం, గొడవెందుకు' అని నలుగురు చుట్టూ కూర్చుని అంటుంటే సంతకం పెట్టకుండా లేచి రావడం ఎంతమందికి సాధ్యం?

తల్లిదండ్రులూ... ఒక్క నిమిషం

ఈ కథల్లో కంప్లయింటు ఇచ్చింది ప్రభుత్వం కాదు. కోల్‌కతాలో ఓ తండ్రి. జార్జియాలో పేరు చెప్పని ఓ ఉత్తరం. అంటే తీర్పు చెప్పే కలం మన చేతిలోనూ ఉంది.

'గురువంటే ఆదర్శంగా ఉండాలి కదా' అంటాం. నిజమే. తాగి బడికి వచ్చినా, పిల్లలకు అసభ్యమైన సందేశాలు పంపినా, ఫలానా పిల్లాడు మొద్దు అని పోస్టు పెట్టినా, ఒక కులాన్నో మతాన్నో కించపరుస్తూ రాసినా ఊరుకోవాల్సిన పని లేదు. ఆ టీచరు ముందు కూర్చునే పిల్లలకు అది హాని. ఫిర్యాదు చేయడం మన బాధ్యత.

కానీ మేనల్లుడి పెళ్లిలో డాన్సు చేస్తే పిల్లలకేం నష్టం? గోవా బీచ్‌లో నిలబడితే లెక్కలు తప్పవుతాయా? అదే ఫొటో మన ఆఫీసు కొలీగ్ పెడితే 'సూపర్' అని కామెంటు పెడతాం. టీచరమ్మ పెడితే స్క్రీన్‌షాట్ తీసి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పడేస్తాం. అన్నట్టు... మగ మాస్టారు బనీనుతో ఈత కొట్టిన ఫొటో ఎప్పుడైనా ప్రిన్సిపల్ బల్ల మీదికి వెళ్లిందా?

మనకిది కొత్తా కాదు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలాన్ని ఆయన రాతల కోసం, బతుకు కోసం వెలివేసినట్టే చూసింది ఆనాటి సంఘం. ఈనాడు ఆయన పేరు లేకుండా తెలుగు సాహిత్యం గురించి మాట్లాడలేం.

అందుకే ఫిర్యాదు రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు... 'దీనివల్ల తరగతి గదిలో నా బిడ్డకు జరిగిన నష్టం ఏమిటి?' జవాబు దొరికితే రాయండి, కింద పేరు పెట్టి మరీ రాయండి. దొరక్కపోతే ఫోను పక్కన పెట్టేయండి.

మీరే టీచరైతే...

* పిల్లల ఫొటోలు, మార్కులు, వాళ్ల ఇంటి సంగతులు మీ సొంత ఖాతాలో పెట్టొద్దు. అది మీ స్వేచ్ఛ కిందికి రాదు, వాళ్ల గోప్యత కిందికి వస్తుంది.

* విద్యార్థులతో మాట్లాడటానికి బడి గ్రూపు వేరు, మీ ఖాతా వేరుగా ఉంచుకోండి.

* 'ప్రైవేటు' అన్న తాళాన్ని పూర్తిగా నమ్మొద్దు. చూసే వాళ్లలో ఒక్కరు స్క్రీన్‌షాట్ తీస్తే తాళం ఊడినట్టే.

* నియామక పత్రంలో సామాజిక మాధ్యమాల గురించి షరతులేమైనా ఉన్నాయేమో చదవండి.

* ఎవరైనా పిలిచి అడిగితే ఆరోపణ రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ గదిలో, ఆ క్షణంలో మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఇంటికొచ్చి, మీ సంఘంతోనో లాయరుతోనో మాట్లాడాకే నిర్ణయం.

భయపడుతూ బతికే మాస్టారు పిల్లలకు ధైర్యం ఎలా నేర్పుతారు? 'ప్రశ్నించండి, మీ మాట మీరు చెప్పండి' అని పాఠం చెప్పే టీచరమ్మకు, సోమవారం ఉదయం వచ్చే కబురంటే గుండెదడ ఉండకూడదు. ఆ భరోసా కొంత చట్టం ఇవ్వాలి. మిగతాది... గేటు దగ్గర పిల్లల్ని దించి వెళ్లే మనం ఇవ్వాలి.