చక్కెర తగ్గినా ప్రమాదమే

మధుమేహం అనగానే రక్తంలో చక్కెర పెరగడమే గుర్తుకు వస్తుంది. కాని మందులు వాడే వృద్ధులకు చక్కెర ఉన్నట్టుండి పడిపోవడం అంతకంటె తొందరగా ప్రాణం మీదికి తెస్తుంది. పాడి ఉన్న ఇళ్లలో ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

మన పని తెల్లవారుజామునే మొదలవుతుంది. ఇంటి పెద్దాయన లేవగానే మాత్ర వేసుకుంటాడు. పేడ తీసి, పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చేసరికి పొద్దెక్కుతుంది. అప్పటిదాకా కడుపు ఖాళీ. గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని మనిషి తిన్నా తినకున్నా చక్కెరను తగ్గిస్తూనే ఉంటాయి. వయసు మీరినకొద్దీ మూత్రపిండాల పని మందగిస్తుంది గనుక మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ.

గుర్తులు: చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి. వృద్ధులలో ఇవేవీ కనపడకుండానే మాట తడబడవచ్చు, మగత కమ్మవచ్చు, పొంతన లేకుండా మాట్లాడవచ్చు. ముసలితనం అని ఊరుకోరాదు. పరీక్షలో డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె తక్కువ ఉంటే చక్కెర పడిపోయినట్లే. పరీక్షించే వీలు లేకపోయినా చికిత్సకు ఆలస్యం చేయరాదు.

చేయవలసినది: మూడు నిండు టీచెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించాలి. ఇంట్లో పాలున్నాయి గదా అని గ్లాసు గేదెపాలు ఇస్తే చాలదు. 200 మిల్లీలీటర్ల పాలలో చక్కెర సుమారు 10 గ్రాములే. కేంద్రంలో మనకు ధర తెచ్చే వెన్న శాతమే ఇక్కడ ఆ చక్కెరను నిదానంగా రక్తంలో కలిసేలా చేస్తుంది. 15 నిమిషాలలో తేరుకోకపోతే మరోసారి పంచదార నీళ్లు ఇవ్వాలి. తేరుకున్న తరువాత పాలు, ఇడ్లీ, అన్నం ఏదైనా పెట్టాలి. పైన చెప్పిన మాత్రలు వాడేవారికి కొన్ని గంటల తరువాత మళ్లీ చక్కెర పడిపోవచ్చు గనుక డాక్టరుకు చూపించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

ముందు జాగ్రత్తలు: మందు వేసుకునే వేళను మన పనివేళలకు తగినట్లు డాక్టరుతో నిర్ణయించుకోవాలి. కేంద్రానికి వెళ్లేవారు జేబులో పంచదార పొట్లం ఉంచుకోవాలి. ఉపవాసం ఉండదలచినా, జ్వరం, వాంతులు వచ్చినా డాక్టరును అడగాలి. సొంతంగా మందు మానరాదు. చక్కెర ఒక్కసారి పడిపోయినా ఆ సంగతి డాక్టరుకు చెబితే మోతాదు సరిచేస్తారు.

పశువుకు దాణా వేళ తప్పనివ్వని మనం, ఇంట్లో పెద్దల ఫలహారం వేళ కూడా తప్పనివ్వరాదు.